కంచె దాటిన కరెంటు

ఫోన్‌లో సిగ్నల్ గీతలు తగ్గితే మీరు ఫోన్‌ను తిడతారు. మా రోజుల్లో మాయాబందర్‌లో గీతలు తగ్గితే జనం తిన్నగా కొండెక్కి వచ్చి నన్ను తిట్టేవాళ్లు. ఈ మధ్య ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఇంటికొచ్చి, "మేడమ్, మీ సర్వీసులో మరిచిపోలేని రోజు ఏదైనా రాసివ్వండి" అని అడిగారు. అవార్డు వచ్చిన రోజు గురించి రాద్దామనుకున్నాను. నాకు అవార్డేమీ రాలేదని కాసేపటికి గుర్తొచ్చింది. అందుకని మెమో తెచ్చిపెట్టిన రోజు గురించి రాస్తున్నాను.

పేర్లు మాత్రం రాయను. ఈ ద్వీపాల్లో ఎవరి పేరు రాసినా వాళ్ల చుట్టం ఒకరు మన వీధిలోనే ఉంటారు.

మాది పోర్ట్ బ్లెయిర్‌లో డిగ్నాబాద్ పేట. మా తాత శ్రీకాకుళం తీరం నుంచి వలలతో సహా ఓడెక్కి వచ్చి ఇక్కడ దిగాడు. నాన్న వలల జోలికి పోకుండా ఓడలు ఆగే హాడో వార్ఫులో పనికి కుదిరాడు. నేను వార్ఫు జోలికి పోకుండా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరాను. అప్పట్లో పోర్ట్ బ్లెయిర్ నుంచి విశాఖపట్నానికి పొద్దున ట్రంక్ కాల్ బుక్ చేస్తే, అదృష్టం బాగుంటే సాయంత్రానికి కలిసేది. అంతసేపు బల్ల మీద కూర్చున్న మనిషి, తీరా అవతలి గొంతు వినబడేసరికి చెప్పాలనుకున్నదంతా మరిచిపోయి, "బాగున్నారా? బాగున్నారా?" అని నాలుగుసార్లు అడిగి పెట్టేసేవాడు. నా యవ్వనమంతా ఇతరుల క్షేమసమాచారాలు వినడంలో గడిచింది.

తర్వాత సెల్ ఫోన్లొచ్చాయి. నాకు ప్రమోషన్ ఇచ్చి, టవర్‌తో సహా ఉత్తరాన ఉన్న మాయాబందర్‌ను అప్పగించారు. సముద్రం అడుగున ఇప్పుడున్న కేబుల్ అప్పటికింకా లేదు. కొండ మీద టవర్, దాని పక్కన రేకుల గది, గది ముందు ఆకాశంలోకి నోరు తెరుచుకున్న పెద్ద డిష్. ఊరు దాటాల్సిన ప్రతి మాటా ఆ డిష్‌లోంచి ఉపగ్రహానికి ఎక్కి, మళ్లీ కిందికి దిగాల్సిందే. అంత దూరం వెళ్లి రావడం వల్ల మాటకీ మాటకీ మధ్య ఒక క్షణం ఖాళీ వచ్చేది. ఆ ఖాళీలో అవతలివాళ్లు అలిగారేమోనని కొన్ని సంసారాల్లో గొడవలు కూడా జరిగాయి.

మొదటిసారి సిమ్ములు అమ్మిన రోజున మా ఆఫీసు ముందు క్యూ జెట్టీ రోడ్డు దాకా వెళ్లింది. ఆరు నెలలు తిరక్కుండా పడవల్లో కూడా ఫోన్లు కనబడ్డాయి. మా తెలుగు జాలర్లు వాటిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, పైన రబ్బరు బ్యాండు వేసి, లుంగీ మడతలో పెట్టుకునేవాళ్లు. ఫోన్ మోగితే ఆ మూట విప్పేలోగా ఆగిపోయేది. వెంటనే నా దగ్గరికి వచ్చి, "దీదీ, మీ టవర్‌కి ఓపిక లేదు" అనేవాళ్లు.

అలా బేరం బాగుందని తెలిశాక రెండో కంపెనీ వచ్చింది. రెండు కంపెనీల పెద్దలూ ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని, మరో టవర్ కట్టడమెందుకు, ఉన్నదాన్నే ఇద్దరూ వాడుకుందామని ఒప్పందం రాసుకున్నారు. టవర్ మీద పైభాగం మాది, కిందిభాగం వాళ్లది. నేల మీద మధ్యలో ఇనుప కంచె. అటు వాళ్ల గది, వాళ్ల జెనరేటర్, వాళ్ల డిష్. ఇటు మావి.

వాళ్ల తరఫున వచ్చిన ఇంజనీరు గుంటూరు వైపు కుర్రాడు. పెళ్లి కాలేదు. తెలుగు స్వచ్ఛంగా మాట్లాడేవాడు. మొదటి రోజునే నేను, "టవర్ కా చాబీ నా దగ్గరే ఉంటుంది, కావాలంటే పూఛ్ లేనా" అంటే, "మేడమ్, మీరు తెలుగు కూడా మాట్లాడతారా?" అని అడిగాడు. నాకు అక్కడ కాలింది. మరునాటి నుంచి మధ్యాహ్న భోజనం వేళ నేను గేటు తాళం వేసుకుని ఇంటికి పోవడం మొదలుపెట్టాను. అతను బజారులో గొడుగు కింద కూర్చుని సిమ్ములు అమ్ముతూ, "ఆ కంపెనీ మిషన్లలో బల్లులు కాపురం చేస్తున్నాయండి" అని ప్రచారం చేశాడు. ఒక బల్లి ఉన్న మాట నిజమే.

మా యుద్ధం ఎంతవరకు వెళ్లిందో చెప్పడానికి బకెట్ సంగతి చాలు. అతని ప్లాస్టిక్ బకెట్ ఒకటి గాలికి దొర్లి కంచె కింది సందులోంచి మా వైపు వచ్చింది. అది తీయించవలసిందిగా నేను మా పోర్ట్ బ్లెయిర్ ఆఫీసుకు ఉత్తరం రాశాను. వాళ్లు చెన్నైలో ఉన్న అతని ఆఫీసుకు రాశారు. చెన్నై వాళ్లు పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న తమ ఏజెంటుకు, ఏజెంటు మాయాబందర్‌లో ఉన్న ఇతనికి రాశారు. ఉత్తరం రెండుసార్లు సముద్రం దాటి, నా కిటికీకి ఇరవై అడుగుల దూరంలో అతని చేతికి అందేసరికి నెల దాటింది. అతను అది నా ఎదుటే చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "జవాబు సరైన మార్గంలో వస్తుంది మేడమ్" అన్నాడు.

మా మధ్య ఇంత ప్రేమ ఉన్న సమయంలో పెద్దాఫీసు నుంచి కబురొచ్చింది. ఆసియా దేశాల సెల్ ఫోన్ కంపెనీలన్నీ ఎలా కలిసి పెరగాలి, ఒకరికొకరు ఎలా సాయపడాలి అన్న విషయం మీద పోర్ట్ బ్లెయిర్‌లో సమావేశం పెట్టారట. దానికొచ్చిన అతిథుల్లో ఏడుగురు, మారుమూల చోట రెండు కంపెనీలు సఖ్యంగా ఒకే టవర్ వాడుకోవడం కళ్లారా చూడాలన్నారట. వాళ్లకి మా టవర్ చూపించాలని ఎవరో నిర్ణయించారు. ఎవరు నిర్ణయించారో తెలియదు గాని, ఆ మనిషి మా కొండ ఎప్పుడూ ఎక్కలేదని మాత్రం చెప్పగలను.

"సైట్ కళకళలాడాలి" అని ఉత్తర్వు. నేను రెండు డబ్బాల నీలం రంగు తెప్పించి మా రిగ్గర్‌కి ఇచ్చాను. రిగ్గర్ అంటే టవర్ ఎక్కి పనిచేసే మనిషి. ఆయన పెద్దలు ఎప్పుడో రాంచీ వైపు నుంచి అడవి పనికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. భార్య మా తెలుగు జాలరి పేట ఆడపడుచు. అందుకని ఆయన తెలుగు భార్య మాట్లాడినట్టే ఉండేది. ఎంత ఎత్తుకైనా తాడు లేకుండా ఎక్కేవాడు. ఆఫీసర్లను చూస్తే మాత్రం కాళ్లు వణికేవి. ఆయన గేటుకు రంగేశాడు, తలుపుకేశాడు, డబ్బాలో ఇంకా మిగిలిందని జెనరేటర్‌కి కూడా నిలువెల్లా వేశాడు. "చూడు దీదీ, పెళ్లికొడుకులాగున్నాడు" అన్నాడు. నేను కూడా బాగుందన్నాను. ఈ విషయం మళ్లీ వస్తుంది.

అతిథులు రావడానికి రెండు రోజుల ముందు కాలం కాని కాలంలో వాన పట్టింది. గాలికి చెట్టు విరిగి కరెంటు తీగల మీద పడి ఊరంతా చీకటైంది. మా జెనరేటర్ మీద బండి లాగించాం. వాళ్లొచ్చే రోజు పొద్దున గాలి కాస్త తగ్గిందని కొన్ని పడవలు వేటకు కూడా వెళ్లాయి. పది గంటలవుతుండగా, అతిథుల బండ్లు ఊళ్లోకి దిగాయని కబురు వచ్చిన అయిదు నిమిషాలకు, పెళ్లికొడుకు రెండుసార్లు దగ్గి ఆగిపోయాడు. ఎంత తిప్పినా లేవలేదు. బ్యాటరీలు అప్పటికే నీరసించి ఉన్నాయి. టవర్ చచ్చిపోయింది. ఊళ్లో ల్యాండ్‌లైన్లు ఇంటి నుంచి ఇంటికి పలుకుతున్నాయి గాని, ఊరు దాటాలంటే మా డిష్షే దారి, దానికి కరెంటు లేదు.

కంచె అవతల వాళ్ల జెనరేటర్ హాయిగా గురక పెడుతోంది. ఆ కుర్రాడు గడప మీద నిలబడి ఉన్నాడు. ముఖంలో ఆనందం లేదు. సంగతేమిటంటే, రాత్రి గాలికి వాళ్ల డిష్ పక్కకు తిరిగిపోయింది. వాళ్ల సిమ్ ఉన్న ఫోన్లలో గీతలు అయిదూ కనబడతాయి, మాట మాత్రం ఎక్కడికీ పోదు. దాన్ని మళ్లీ సరైన చోటికి తిప్పాలంటే, అవతల చెన్నైలో మిషన్ ముందు కూర్చున్న వాడు ఫోన్‌లో కొలత చెబుతుండాలి. ఆ ఫోనే లేదు.

అంటే వాళ్ల దగ్గర కరెంటు ఉంది, దారి లేదు. మా దగ్గర దారి ఉంది, కరెంటు లేదు. ఇద్దరం ఈ సంగతి ఒకేసారి గ్రహించాం. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. నాకైతే ఉత్తరం రాయాలనిపించింది.

అప్పుడు కొండ కింది నుంచి ఒక ఆడమనిషి పరిగెత్తుకుంటూ వచ్చింది. జాలరి పేటలో చేపలెండబెట్టే మనిషి, నాకు బాగా తెలుసు. తడిసి ముద్దయి ఉంది. చేతిలో ఫోన్.

"దీదీ, మా ఇంటాయన ఫోన్ సేసినాడు. ఇంజన్ బంద్ అయిపోనాది, నీటిలో కొట్టుకుపోతన్నాం అన్నాడు. మేం ఇక్కడ... అన్నాడు. అంతే, కట్ అయిపోనాది. ఇక్కడంటే ఎక్కడో సెప్పకుండానే మీ టవర్ మింగేసినాది."

"పడవలో ఎంతమంది?"

"ఆయన, మా మరిది. ఫోన్‌లో బ్యాటరీ రెండు గీతలే ఉందన్నాడు. జెట్టీ కాడ మావోళ్లు డింగీ పడవలు రెడీ సేసుకున్నారు. తూరుపుకెల్లాలా, కాలవ పక్కకెల్లాలా తెలక నిలబడిపోనారు. సముద్దరం చూస్తన్నావు గదా దీదీ."

చూస్తూనే ఉన్నాను. కొండ మీద నుంచి సముద్రం బూడిద రంగులో, తెల్లటి నురగతో కనబడుతోంది. సరిగ్గా అప్పుడే రెండు బండ్లు వచ్చి గేటు ముందు ఆగాయి. ఏడుగురు అతిథులు దిగారు. వాళ్ల ముందు మా పెద్దాఫీసు అధికారి, చంకలో నల్ల గొడుగు, ముఖాన చిరునవ్వు.

ఆయనను పక్కకు పిలిచి రెండు ముక్కల్లో సంగతి చెప్పాను. చిరునవ్వు ఆగిపోయింది.

"కాబట్టి సార్, వాళ్ల జెనరేటర్ నుంచి ఒక వైరు లాగి మన గదికి తగిలిస్తే సరిపోతుంది" అన్నాను.

"ఏమిటి మేడమ్, వేరే కంపెనీ కరెంటు మన మిషన్‌లోకా? టవర్ మీద చోటు గురించే ఒప్పందం. కరెంటు మాట ఎక్కడా లేదు. పైవాళ్ల అనుమతి కావాలి."

"అడగండి సార్."

ఆయన ఫోన్ తీశాడు. చూశాడు. మళ్లీ జేబులో పెట్టాడు. ఒకసారి అటూ ఇటూ చూసి, లోపలి జేబులోంచి మరో ఫోన్ తీశాడు. దానిలో గీతలు అయిదూ ఉన్నాయి.

కంచె అవతలి నుంచి ఆ కుర్రాడు ఎంతో మర్యాదగా, "సార్ మా కస్టమరా? చాలా సంతోషం సార్. కానీ అది కూడా కలవదు" అన్నాడు.

అధికారి రెండో ఫోన్ కూడా లోపల పెట్టేశాడు. "పోలీసు వైర్‌లెస్‌లో కబురు పంపుదాం. సాయంత్రానికి జవాబు వస్తుంది" అన్నాడు.

ఆ ఆడమనిషికి మా మాటలు సగమే అర్థమయ్యాయి. అయినా విషయం పట్టుకుంది. తిన్నగా ఆయన ముందుకొచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు.

"సార్, మీ అనుమతి ఎవరి కాడుందో సెప్పండి. ఎంత దూరమైనా సరే, నాను ఎల్లి తెచ్చీస్తాను. ఈలోగా మీరు కరెంటు ఇచ్చీండి."

ఆయన గొడుగు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. నేను కుర్రాడి వైపు తిరిగాను. అతను ఆ ఊరొచ్చిన ఏడాదిలో నేను అతన్ని ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"మీరేమంటారు?"

అతను కాసేపు తన జెనరేటర్ వైపు చూశాడు. "మాది ప్రైవేటు మేడమ్. మెమోలు ఇవ్వరు. ఇంటికి పంపుతారు" అన్నాడు. ఆ మాట అంటూనే లోపలికి వెళ్లి పనిముట్ల సంచి పట్టుకొచ్చాడు. "ఇది రెండు గదుల లోడు మొయ్యలేదు. మా మిషన్లు ఆపేసి మొత్తం మీకే ఇస్తాను. వైరుందా?"

మా రిగ్గర్ అప్పటికే కొండ దిగి బజారుకు పరిగెత్తాడు. పెళ్లి పందిళ్లకు లైట్లు పెట్టేవాడి దగ్గర నుంచి లావుపాటి వైరు చుట్ట భుజాన వేసుకుని వచ్చాడు. దానికింకా రెండు మూడు రంగు బల్బులు వేలాడుతున్నాయి.

అతిథుల్లో థాయిలాండ్ నుంచి వచ్చిన ఒకావిడ ఉంది. నా వయసే ఉంటుంది. ఏం జరుగుతోందని ఇంగ్లీషులో అడిగింది. నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. పడవ సంగతి వినగానే ఆమె ముఖం మారింది. "ఇప్పుడు దేనికోసం ఆగారు?" అని అడిగింది.

"అనుమతి కోసం."

"ఎలా వస్తుంది?"

"ఫోన్‌లో."

ఆమె నా వైపు ఒక క్షణం చూసింది. తర్వాత మెడలోని సమావేశం బిళ్ల తీసి బండిలో పడేసి, చొక్కా చేతులు పైకి మడిచి, వైరు కొసన రబ్బరు ఒలవడం మొదలుపెట్టింది. పని తెలిసిన చేతులవి. ఒలుస్తూనే, "సునామీ రోజున మా వైపు తీరంలో టవర్లు నిలబడే ఉన్నాయి. కరెంటు లేదు. అందరి చేతుల్లో ఫోన్లున్నాయి" అంది. అంతకంటే చెప్పలేదు. సునామీ మా మీదుగా కూడా వెళ్లింది కాబట్టి నేనూ అడగలేదు.

కుర్రాడు జెనరేటర్ ఆపాడు. కొండ మీద వాన చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు. అతని కస్టమర్ల గీతలు అయిదూ పోయాయి. రిగ్గర్ కంచె పైనుంచి వైరు విసిరాడు. ఇటు నేనూ థాయిలాండ్ ఆవిడా అందుకున్నాం. కలిపే చోట ముడి మీద వాన పడుతోంది. తడిలో జాయింటు వెయ్యకూడదని మీకు తెలుసు, మాకూ తెలుసు. పైన ఏదైనా అడ్డు పెట్టాలని చుట్టూ చూశాను.

మా అధికారి నడిచి వచ్చాడు. అనుమతి ఇస్తున్నానని అనలేదు. ఇవ్వననీ అనలేదు. గొడుగు విప్పి మా చేతుల మీద పట్టుకుని, దూరంగా సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయన వీపు మీద నుంచి నీళ్లు కారుతున్నాయి.

జెనరేటర్ మళ్లీ మోగింది. మా గదిలో దీపాలు ఎర్రగా వెలిగాయి. ఎరుపు పచ్చగా మారడానికి ఏడెనిమిది నిమిషాలు పట్టేది. ఆ నిమిషాల్ని నేను మామూలు రోజుల్లో టీ తాగి గడిపేదాన్ని. ఆ రోజు ఆ ఆడమనిషి టవర్ కిందే నిలబడి మీట నొక్కుతూనే ఉంది. కలవలేదు, కలవలేదు. మొదటి దీపం పచ్చబడింది. రెండోది. మూడోది.

ఆమె ఫోన్ చెవికి ఆనించి బిగుసుకుపోయింది.

"ఒరేయ్, ఎక్కడున్నావురా? పొద్దున్నే సెప్పినాను గదా ఎల్లొద్దని. నా మాట వింటే గదా. నీ తమ్ముడికి బుద్ధి లేదు, నీకు అంతకన్నా లేదు. మొన్న కూడా ఇంజన్ బాగు సేయించమంటే..."

నేను చేతులు ఊపాను. కుర్రాడు కంచె మీద నుంచి, "చోటు, చోటు అడగమ్మా" అన్నాడు. థాయిలాండ్ ఆవిడకు భాష రాకపోయినా తన చేతి మీద వేలితో పటం గీసి చూపించింది. ఫోన్‌లో ఉన్నామె ఎవరినీ పట్టించుకోలేదు. రెండు గీతల బ్యాటరీలో ఒకటిన్నర తిట్లకే అయిపోయిందని నా లెక్క. చివరికి అవతలి మనిషి ఏదో అన్నాడు. ఆమె ఆగింది. వింది. ఫోన్ చేత్తో మూసి, "కర్మాటాంగ్ దాటి, అవేస్ ద్వీపం ఎనకాతల. లంగరు పట్టినాదంట, తాడు తెగేలాగున్నాదంట" అంది.

మా రిగ్గర్ ల్యాండ్‌లైన్‌లో జెట్టీకి చెప్పాడు. కొండ మీద నుంచి చూస్తుండగానే మూడు డింగీలు తూర్పు వైపు తిరిగాయి. ఆమె ఫోన్ మళ్లీ చెవికి పెట్టుకుని, ఈసారి నెమ్మదిగా, "మనోళ్లొస్తన్నారు. అలాగే ఉండండి. అన్నం వండి ఉంచుతాను" అంది. తర్వాత టవర్ మెట్టు మీద కూర్చుని ఏడ్చింది.

అన్నదమ్ములిద్దరూ మధ్యాహ్నానికి ఒడ్డు చేరారు. ఈలోగా మేం వాళ్ల రుణం తీర్చుకోవాలి గదా. మా గదిలో అవసరం లేనివన్నీ ఆపేసి, మిగిలిన కరెంటుతో వాళ్ల డిష్ మిషన్ ఒక్కటి నడిపాం. మా ఫోన్‌లో కుర్రాడు చెన్నైతో మాట్లాడుతుంటే, మా రిగ్గర్ వాళ్ల డిష్‌కి భుజం పెట్టాడు. అవతల నుంచి డిగ్రీల్లో చెబుతున్నారు. రిగ్గర్‌కి డిగ్రీలు తెలియవు. కుర్రాడు స్వచ్ఛమైన తెలుగులో, "కొంచెం నైరుతి దిశగా" అన్నాడు. రిగ్గర్ తెల్లమొహం వేశాడు. నేను కల్పించుకుని, "భయ్యా, జెట్టీ పక్కకి ఒక వేలెడు, బస్" అన్నాను. డిష్ కదిలింది. అక్కడి నుంచి చెన్నై చెప్పిన డిగ్రీలను కుర్రాడు నాకు చెప్పడం, నేను వాటిని జెట్టీ, బడి, బజారు కింద మార్చి రిగ్గర్‌కి చెప్పడం. అరగంటలో వాళ్ల దారి కూడా తెరుచుకుంది. ఆ తర్వాత అతను నా తెలుగు గురించి ఎప్పుడూ మాట్లాడలేదు.

అతిథులు చప్పట్లు కొట్టారు. థాయిలాండ్ ఆవిడ తప్ప మిగిలిన ఆరుగురూ ఇదంతా తమ కోసం ముందుగా ఏర్పాటు చేసిన ప్రదర్శన అనుకున్నారు. ఒకాయన నా చెయ్యి పట్టుకుని ఊపుతూ, ముఖ్యంగా ఆ భార్య పాత్ర వేసినావిడ చాలా సహజంగా నటించిందని మెచ్చుకున్నాడు.

మా జెనరేటర్ ఎందుకు ఆగిందో మరునాడు తెలిసింది. కుర్రాడు తనంతట తానే కంచె దాటి వచ్చి చూశాడు. డీజిల్ ట్యాంకు మూతకు గాలి పోవడానికి చిన్న రంధ్రం ఉంటుంది. అది నీలం రంగుతో పూడుకుపోయింది. డీజిల్ పోయడానికి మూత తీసినప్పుడల్లా కాస్త గాలి అంది రెండు రోజులు నడిచింది, చివరికి అదీ చాలక డీజిల్ కిందికి దిగలేదు. అతను మూత తిప్పగానే ట్యాంకు బుస్సుమంది. అతను మూత వైపు చూశాడు, రంగు వైపు చూశాడు, నా వైపు చూశాడు. పిన్నీసుతో రంధ్రం పొడిచి, మూత బిగించి, "నడుస్తుంది మేడమ్" అని వెళ్లిపోయాడు. బజారులో గొడుగు కింద ఆ సంగతి ఒక్కరికీ చెప్పలేదు. మీరు పాత ఫైళ్లలో ఎక్కడైనా "సాంకేతిక కారణం" అన్న మాట చూస్తే, ఆ రోజు ఎవరి చేతిలో రంగు డబ్బా ఉందో ఒకసారి వాకబు చెయ్యండి.

మూడు వారాలకు ఓడలో నాకు రెండు కవర్లు వచ్చాయి. ఒకదానిలో సమావేశం వాళ్ల అభినందన. రెండోది మెమో. మూడు ప్రశ్నలు. ఎవరి అనుమతితో పక్క కంపెనీ కరెంటు తీసుకున్నారు? ముందుగా ఫోన్ చేసి ఎందుకు అడగలేదు? ఆ సమయంలో అక్కడున్న బాధ్యత గల అధికారి ఎవరు? కింద సంతకం ఎవరిదా అని చూస్తే, గొడుగు పట్టిన ఆయనదే. పాపం, పైనుంచి అడిగితే కింద అడగక తప్పదు గదా.

కూర్చుని జవాబు రాశాను. ఫోన్ పనిచేయనందున అనుమతి అడగలేకపోయాను. ఫోన్ పనిచేశాక అడగవలసిన అవసరం లేకపోయింది. అధికారి విషయానికొస్తే, ఆ సమయంలో వాన ఎక్కువగా ఉన్నందున, ఎదుట ఒక గొడుగు అడ్డుగా ఉన్నందున ఎవరి ముఖమూ స్పష్టంగా కనబడలేదు.

దానికి ఒక్క వాక్యంలో ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట ఇలా ఫోన్లు పనిచేయని పరిస్థితి ఏర్పడినప్పుడు వెంటనే ఫోన్ చేసి అనుమతి పొందవలెను. ఆ విషయం అంతటితో ముగిసింది. కుర్రాడిని ఇంటికి పంపుతారేమోనని నేను ఓడ వచ్చినప్పుడల్లా భయపడ్డాను. పంపలేదు. అతని ఆఫీసువాళ్లు కూడా అదంతా ప్రదర్శనే అనుకున్నారట. అతను సరిచెయ్యలేదు.

నాకు మాత్రం ఒక సంగతి మనసులో గుచ్చుతూ ఉండిపోయింది. మా టవర్ ఆగిపోయినప్పుడు ఊరికి మరో దారి ఉండాలి, నా చేతిలో కూడా ఉండాలి. చాలా రోజులు ఆలోచించి, ఒక ఆదివారం ఎవరూ లేని వేళ చూసుకుని బజారులో ఆ గొడుగు దగ్గరికి వెళ్లాను. పక్క కంపెనీ సిమ్ కావాలని అడిగాను.

అతను ఫారం తీసి ఇచ్చాడు. పేరు రాశాను, ఇంటి చిరునామా రాశాను. "ఉద్యోగం, పనిచేయు సంస్థ" అన్న గడి దగ్గర నా కలం ఆగిపోయింది. ఆ కాగితం పోర్ట్ బ్లెయిర్ మీదుగా చెన్నై వెళుతుంది. దారిలో ఎంతమంది చదువుతారో నాకు బకెట్ నాటి నుంచి తెలుసు.

అతను ఫారం నా చేతిలోంచి మెల్లగా తీసుకుని, ఆ గడిలో తన గుండ్రటి చేతిరాతతో "గృహిణి" అని రాసి, సిమ్ నా చేతిలో పెట్టాడు.